కొత్త సిమ్‌లో పాత మనిషి ఓటీపీలు: మా ఇంట్లో జరిగింది

మా మామయ్యకి కొత్త సిమ్ తీసుకున్న దగ్గర్నుంచి జరిగిందంతా ఒక చోట రాసి పెడదామని కూర్చున్నా. పొడుగ్గానే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళకి కొత్త నంబరు తీసుకోబోతున్నవాళ్ళు చదవండి, అంతకంటే ముఖ్యంగా రీచార్జ్ చేయించకుండా పాత నంబరు మూలన పడేసినవాళ్ళు చదవండి, ఎందుకంటే ఇందులో ఎక్కువ నష్టపోయేది మాలాంటి వాళ్ళం కాదు, వాళ్ళే.

మామయ్యది ఖమ్మం వైపు పల్లె. అత్తయ్య పోయాక ఒక్కరే ఉండటం ఎందుకని మల్కాజ్‌గిరిలో మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఊళ్ళో వాడిన ఫోనూ సిమ్మూ మా మరిది పేరు మీదవి, అవి అక్కడే ఉండిపోయాయి. సరే, ఆయన పేరు మీద ఆయన ఆధార్‌తోనే ఒక నంబరు ఉండాలి, పింఛను బ్యాంకుకి కూడా అదే ఇద్దామని వీధి చివర సిమ్ షాపుకి వెళ్ళాం. ఆధార్ అడిగాడు, ఫోటో తీశాడు, ఫోన్లోనే అంతా అయిపోయింది. 2024 జనవరి 1 నుంచి కాగితాల కేవైసీ పూర్తిగా ఆపేశారు కదా, ఇప్పుడు ఫారం నింపడం, జిరాక్సులు ఇవ్వడం ఏమీ లేవు. నంబర్ల లిస్టు చూపిస్తే మామయ్య 9తో మొదలయ్యేది ఏరుకున్నారు. షాపతను కూడా పాత సిరీస్ సార్, మంచి నంబరు అన్నాడు.

ఆ మాటలోనే అసలు విషయం అంతా ఉంది. మన దగ్గర మొబైల్ నంబర్లు మొదట 9తో పంచారు, అవి చాలకపోతే 8, తర్వాత 7, తర్వాత 6 తెరిచారు. అంటే ఇవాళ షాపులో 9తో మొదలయ్యే కొత్త నంబరు దొరికిందంటే చాలావరకు అది ఎవరో ఏళ్ళ తరబడి వాడి వదిలేసిందే అయ్యుంటుంది. ఈ సంగతి సిమ్ అమ్మేవాళ్ళు చెప్పరు, చెప్పాలన్న రూలు ఉన్నట్టు కూడా నాకెక్కడా కనపడలేదు.

సిమ్ ఆన్ అయిన సాయంత్రమే ఒక బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, ఖాతాలో డబ్బు జమ అయిందని, కింద చివరి నాలుగు అంకెలు మాకు సంబంధం లేనివి. పొరపాటున వచ్చిందిలే అనుకున్నాం. తర్వాత ఏటీఎంలో డబ్బు తీసినట్టు ఇంకోటి, మిగిలిన బ్యాలెన్స్ ఎంతో కూడా అందులోనే. తర్వాత గ్యాస్ బుక్ అయినట్టు, ఈసారి ఒకావిడ పేరుతో సహా. సిలిండర్ వచ్చే రోజు డెలివరీ కోడ్ వచ్చింది, ఆ వెనకే ఒకబ్బాయి ఫోను, "అక్కా సిలిండర్ తెచ్చిన, కోడ్ చెప్పుండ్రి" అని. మామయ్య ఇంట్లో గ్యాస్ మేమే బుక్ చేశామనుకుని కిందకి దిగి గేటు దగ్గర నిలబడ్డారు. ఆ అబ్బాయి ఉన్నదేమో జగిత్యాల దగ్గర పల్లెలో.

పైకొచ్చి మామయ్య ఒకటే మాట అన్నారు, "కిరాయి ఇంట్లో దిగితే పాత కిరాయిదార్ల ఉత్తరాలు వస్తుంటాయే, అట్లా ఉందమ్మా ఇది." ఉత్తరమైతే కనీసం కవరు అంటించి ఉంటుంది. ఇక్కడ ఒకావిడ ఖాతాలో ఎంత ఉందో, ఎప్పుడు తీసిందో అన్నీ మాకు కనిపిస్తున్నాయి, ఆమెకి మాత్రం కనిపించట్లేదు. నాకు నిజంగా భయం వేసింది, మా గురించి కాదు, ఆమె గురించి. ఈ నంబరు మా చేతిలో పడింది కాబట్టి సరిపోయింది, ఇంకెవరి చేతిలోనైనా పడుంటే?

ఇంతలో అప్పు వసూలు చేసే రికవరీ ఏజెంట్ల ఫోన్లు మొదలయ్యాయి. ఇవి ఆమెకి కాదు, ఎవరో మగమనిషి పేరు అడుగుతున్నారు, అంటే ఆమె కంటే ముందు కూడా ఈ నంబరు ఇంకొకరి దగ్గర ఉండి ఉండాలి, లేదా అప్పు తీసుకున్నాయన తన నంబరు బదులు ఇది రాసిచ్చాడో తెలీదు. పొద్దున ఏడింటికే ఫోను, రాత్రి తొమ్మిదింటికి ఫోను, ఒకడు హిందీలో ఒకడు తెలుగులో, మామయ్య నేను కాదు బాబూ అంటే అబద్ధాలాడుతున్నావ్ ముసలోడా అన్నారు. డెబ్బై దాటిన మనిషి, జన్మలో ఎవరికీ రూపాయి బాకీ లేని మనిషి, ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. దీనికి రిజర్వు బ్యాంకు స్పష్టమైన ఆదేశం ఉంది, 2022 ఆగస్టు 12న ఇచ్చింది, పొద్దున 8 లోపు, సాయంత్రం 7 తర్వాత రికవరీ కాల్స్ చేయకూడదు, బెదిరింపులు, తిట్లు అస్సలు కూడదు. ఫోన్లో ఏజెంటుతో వాదించడం దండగ. నేను వాళ్ళ కంపెనీ పేరు అడిగి తెలుసుకుని, వెబ్‌సైట్లో గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ వెతికి, కాల్స్ వచ్చిన టైముల స్క్రీన్‌షాట్లు, సిమ్ ఏ తేదీన మామయ్య పేరు మీద యాక్టివేట్ అయిందో ఆ మెసేజ్, ఆ ఆర్‌బీఐ ఆదేశం సంగతి, అన్నీ పెట్టి రాశా. నంబరు తీసేశామని జవాబు వచ్చింది, ఫోన్లు ఆగిపోయాయి. ఆ ఒక్క పని మాత్రం అనుకున్నదానికంటే తేలిగ్గా అయింది.

మిగతాదే అంత తేలిక కాదు. ఇంట్లోవాళ్ళు, మా ఆఫీసులోవాళ్ళు అందరూ ఒకటే సలహా, ఎందుకమ్మా ఈ తలనొప్పి, ఆ సిమ్ పడేసి ఇంకోటి తీసుకో అని. మొదట నాకూ అదే అనిపించింది. కానీ ఆలోచిస్తే మేం వదిలేసిన నంబరు మళ్ళీ మూడు నెలలకో ఎప్పుడో ఇంకొకరికి వెళ్తుంది, ఆమె ఓటీపీలు కూడా దాంతోపాటే వెళ్తాయి. ఆ నంబరుకి ఆధార్ లింకు అయి ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు. మన దేశంలో నంబరు అంటే మాట్లాడుకునే సాధనం ఒక్కటే కాదు, బ్యాంకు, ఆధార్, గ్యాస్, పీఎఫ్, ఆస్పత్రి కార్డు, అన్నిటి తాళంచెవీ అదే అయిపోయింది, అలాంటిది ఇంకొకరిది మా దగ్గరుందని తెలిశాక మెల్లగా పక్కన పెట్టేసి వెళ్ళిపోవడం నాకు మనసొప్పలేదు. మామయ్య కూడా అదే అన్నారు, ముందు ఆమెకి తెలియాలి, తర్వాతే మన సంగతి అని.

షాపుకి వెళ్తే, మేడమ్ నంబరు మీ పేరు మీదే ఉంది కదా, ఇంకేం ప్రాబ్లం అన్నాడు. టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకున్నా, మామయ్య పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూపించింది, ఇదొక్కటే ఉంది, అంతా సక్రమమే. ఆ పోర్టల్ మంచిదే, అందరూ ఒకసారి చూసుకోండి, మీ ఐడీ మీద మీకు తెలియని సిమ్ ఉంటే అక్కడే నాది కాదు అని రిపోర్ట్ కొట్టొచ్చు. మన పేరు మీద సిమ్‌లు చూసుకునే ఈ సదుపాయాన్ని మొదట 2021లో మన ఆంధ్ర, తెలంగాణ వాళ్ళకే పెట్టారు, తర్వాత దేశమంతా ఇచ్చారు. కానీ మా సమస్య దానికి అందదు. అది సిమ్ ఎవరి పేరు మీద ఉందో చెప్తుంది, ఆ నంబరు ఎవరెవరి బ్యాంకు ఖాతాల్లో రాసి ఉందో దానికి తెలీదు.

కస్టమర్ కేర్‌కి చేసి కంప్లైంట్ పెట్టమన్నా. పెట్టారు, డాకెట్ నంబరు, అంటే కంప్లైంట్ నంబరు ఇచ్చారు, తర్వాత పరిష్కారమైంది అని మెసేజ్ పంపి మూసేశారు. టెలికాం కంపెనీల మీద నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో పెట్టిన రెగ్యులేషన్ ప్రకారం దాని మీద అప్పీలు ఉంటుంది, కంపెనీలోనే అప్పిలేట్ అథారిటీ అని, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, 30 రోజుల్లోపు వేసుకోవాలి, 39 రోజుల్లో తేల్చాలి. ఇది చాలామందికి తెలీదు, కస్టమర్ కేర్‌లో కాదంటే అక్కడితో అయిపోయిందనుకుంటారు. నేను వేశా. జవాబు మర్యాదగానే వచ్చింది, సారాంశం ఏంటంటే నంబరు నిబంధనల ప్రకారమే డీయాక్టివేట్ అయింది, గడువు ముగిశాకే కొత్త కస్టమరుకి ఇచ్చాం, బ్యాంకు మెసేజ్‌లకి మాకు సంబంధం లేదు. రూలు ప్రకారం చూస్తే వాళ్ళు చెప్పింది తప్పు కాదు, నాకు కోపం వచ్చింది కూడా అందుకే.

ఆ రూలు ఏంటో కొంచెం చెప్తా. ప్రీపెయిడ్ నంబరు 90 రోజుల పాటు ఏ వాడకమూ లేకుండా ఉంటే, అంటే కాల్ గానీ మెసేజ్ గానీ డేటా గానీ ఏదీ లేకపోతే, కంపెనీ దాన్ని డీయాక్టివేట్ చేయొచ్చు, 90 కంటే ముందు చేయకూడదు. ట్రాయ్ 2013లో పెట్టింది ఇది, ఖాతాలో 20 రూపాయలు బ్యాలెన్స్ ఉంటే నంబరు పోకుండా ఆపుకునే వెసులుబాటు కూడా అందులోనే ఉంది. డీయాక్టివేట్ అయ్యాక ఇంకో 90 రోజులైనా ఆ నంబరు ఎవరికీ ఇవ్వకూడదు. ఈ మాట సుప్రీంకోర్టులో ట్రాయే చెప్పింది, పాత నంబర్లు కొత్తవాళ్ళకి ఇవ్వడం ఆపించమని ఒకావిడ వేసిన పిటిషన్‌లో. 2023 నవంబరులో కోర్టు ఆ కేసు ముగించింది, నంబరు వదిలేసిన వాళ్ళే తమ ప్రైవసీ చూసుకోవాలి, వాట్సాప్ ఖాతా తీసేసుకోవాలి, డేటా తుడిచేసుకోవాలి అంది. నంబర్లు తిరిగి వాడక తప్పదన్నది నేనూ ఒప్పుకుంటా, పది అంకెల్లో వచ్చే నంబర్లకి ఒక హద్దు ఉంటుంది, జనం వాడి వదిలేసినవన్నీ అట్టే పెట్టేస్తే కొత్తవాళ్ళకి ఇవ్వడానికి ఏమీ మిగలదు. కానీ వదిలేసిన వాళ్ళే చూసుకోవాలి అన్న దగ్గరే నాకు కుదరట్లేదు. తన నంబరు పోయిందని తెలిసిన మనిషి చూసుకుంటుంది. పోయిందని తెలియని మనిషి ఏం చూసుకుంటుంది?

బ్యాంకుకి వెళ్ళా. మెసేజ్ పంపే బ్యాంకు బ్రాంచి మా దగ్గర్లోనే ఒకటి ఉంది. హెల్ప్‌లైన్లో ముందే అడిగితే ఖాతాదారు స్వయంగా చేస్తే తప్ప నంబరు మార్చం అన్నారు, అది న్యాయమే, ఎవరు పడితే వాళ్ళు ఫోను చేసి నంబరు మార్చమంటే మార్చేస్తే ఇంకేమైనా ఉందా. నేను అడిగింది మార్చమని కాదు, ఆపమని, ఆమెకి కబురు పెట్టమని. బ్రాంచిలో కౌంటర్ అబ్బాయి ఇది మా బ్రాంచి ఖాతా కాదు అన్నాడు. మేనేజర్ దగ్గర కూర్చున్నా. ఆయనకి 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ గురించి చెప్పా. దాంట్లో ఉన్నదేంటంటే, డీయాక్టివేట్ అయిన నంబర్ల జాబితా టెలికాం శాఖ వాళ్ళ డిజిటల్ ఇంటెలిజెన్స్ ప్లాట్‌ఫాంలో ఉంటుంది, బ్యాంకులు దాన్ని తీసుకుని తమ దగ్గరున్న నంబర్లతో సరిచూసుకోవాలి, పోయిన నంబరు ఖాతాకి ఉంటే కస్టమరుని సంప్రదించి, సరిగ్గా వెరిఫై చేసి కొత్తది ఎక్కించుకోవాలి, అలాంటి ఖాతాల మీద నిఘా ఎక్కువ పెట్టాలి. యూపీఐకి కూడా దాన్ని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఇలాంటిదే చెప్పింది, బ్యాంకులు, యాప్‌లు ఆ జాబితాతో కనీసం వారానికొకసారి తమ లెక్కలు సరిచేసుకోవాలని, 2025 మార్చి ఆఖరుకల్లా అమలు కావాలని. అంటే కాగితం మీద మందు ఉంది. మేనేజర్ శ్రద్ధగా విన్నారు, లెటర్ తీసుకుని రసీదు ఇచ్చారు, హోం బ్రాంచికి పంపుతా అన్నారు. మెసేజ్‌లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

దారి దొరికింది ఇంకో చోట. మామయ్య ఫోన్లో వాట్సాప్ ఇంకా పెట్టలేదు, పెడదామని ముందు నా ఫోన్లో ఆ నంబరు సేవ్ చేసుకుంటే, వాట్సాప్‌లో ఆ నంబరుకి ఒక ఫోటో కనిపించింది. ఇద్దరు చిన్న పిల్లలు, బతుకమ్మ పక్కన. లాస్ట్ సీన్ అదే రోజు పొద్దున. అంటే సిమ్ మా దగ్గరుంది, వాట్సాప్ మాత్రం ఆమె దగ్గర ఇంకా నడుస్తోంది. ఇది చాలామందికి తెలియని విషయం, వాట్సాప్ ఒకసారి నంబరుతో వెరిఫై అయ్యాక ఫోన్లో ఆ సిమ్ ఉన్నా లేకపోయినా అప్పటికి వైఫైతో నడిచేది, ఇంకో ఫోన్లో అదే నంబరుతో రిజిస్టర్ చేసే దాకా. మేం గనక మామయ్య ఫోన్లో పెట్టేసి ఉంటే ఆమెది ఆ నిమిషంలో లాగౌట్ అయ్యేది. పెట్టకుండా ఆగి, నా ఫోన్ నుంచి మా మామయ్య నంబరుకే మెసేజ్ పెట్టా. నమస్తే అండీ, మీ ఈ నంబరు సిమ్ కంపెనీ వాళ్ళు మా ఇంట్లో పెద్దాయనకి ఇచ్చారు, మీ బ్యాంకు మెసేజ్‌లు మాకు వస్తున్నాయి, మీరు బ్యాంకుకి వెళ్ళి నంబరు మార్పించుకోవాలి అని.

చూసింది. బ్లూ టిక్ పడింది. బ్లాక్ చేసేసింది.

నాకు కోపం రాలేదు, ఆమె చేసింది సరైన పనే. ముక్కూ మొహం తెలియని మనిషి బ్యాంకు అని మెసేజ్ పెడితే బ్లాక్ చేయమని మనమే కదా అందరికీ చెప్తున్నాం. మా చెల్లి ఫోన్ నుంచి ఇంకోసారి పెట్టాం, ఈసారి నేను ఎలా రాశానంటే, మీ దగ్గర్నుంచి నాకు ఏ వివరమూ వద్దు, ఏ ఓటీపీ వద్దు, ఏ లింకూ పంపను. మీ పక్కింటివాళ్ళ ఫోను తీసుకుని మీ పాత నంబరుకి మీరే ఒకసారి ఫోను చేయండి, ఎవరు ఎత్తుతారో చూడండి, అంతే. ఆ సాయంత్రం మామయ్య ఫోను మోగింది. ఆయన హలో అనగానే అవతల కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత, "నా నంబరు మీకెట్ల వచ్చింది పెద్దాయనా?" అని. మామయ్య చాలా నెమ్మదిగా, మా అత్తయ్యతో మాట్లాడినట్టు మాట్లాడారు, నువ్వు భయపడకు తల్లీ, నీ పైసలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మేం ఎవరికీ ఏ కోడూ చెప్పలేదు అని.

తర్వాత నేను మాట్లాడా. వాళ్ళాయన గల్ఫ్‌లో ఉన్నాడు, ఈమె ఇద్దరు పిల్లలతో ఊళ్ళో, బీడీలు చుడుతుంది. ఆయన వాట్సాప్ కాల్ చేస్తాడు, ఇంటి ఓనరు వైఫై వాడుకుంటారు. "నెల నెలా రీచార్జ్ ఏడ కొట్టియ్యాలె అక్కా, వాట్సాప్ నడుస్తుంది గదా, నంబరు ఉన్నదనే అనుకున్న" అంది. ఆమె లెక్క ఆమెకి ఉంది. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఒకేసారి రేట్లు పెంచాయి, డేటా వాడని వాళ్ళు కూడా డేటాతో కలిపిన ప్యాకే కొనాల్సి వచ్చేది. ఇలాంటివాళ్ళ కోసమే ట్రాయ్ 2024 డిసెంబరులో కాల్స్, మెసేజ్‌ల వరకే ఉండే ప్యాకులు విడిగా తప్పనిసరిగా ఇవ్వాలని రూలు మార్చింది, స్పెషల్ ప్యాకుల వ్యాలిడిటీ కూడా 365 రోజుల దాకా పెట్టొచ్చంది. ఆ ప్యాకులు వచ్చాయి కూడా. కానీ ఆ ఊరి షాపులో ఎవరూ ఆమెకి చెప్పలేదు, యాప్‌లో వెతుక్కుంటే గానీ అవి కనిపించవు. చెప్పి ఉంటే ఆ నంబరు ఆమెది ఆమె దగ్గరే ఉండేది, ఇదంతా జరిగేదే కాదు అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

జగిత్యాల నంబరు మల్కాజ్‌గిరిలో ఎలా తేలిందని ఆమె అడిగింది, మంచి ప్రశ్న. తెలంగాణ వచ్చింది 2014లో, టెలికాం లెక్కలో మాత్రం ఇప్పటికీ రెండు రాష్ట్రాలూ కలిపి ఒకటే సర్కిలు, దాని పేరు ఆంధ్రప్రదేశే. నంబర్ల సిరీస్‌లు సర్కిళ్ళ వారీగా ఇస్తారు కాబట్టి ఆదిలాబాద్‌లో వదిలేసిన నంబరు చిత్తూరులో కూడా దొరకొచ్చు.

మామయ్య అయితే నంబరు ఆమెకే ఇచ్చేద్దాం అన్నారు. అడిగాం. పేరు మార్పిడి ఇంట్లోవాళ్ళకైతే చేస్తాం, సంబంధం లేనివాళ్ళకి కుదరదు అని షాపులో చెప్పారు. వదిలేస్తే ఆమెకే వస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకని ఆమె తన పేరు మీద కొత్త సిమ్ తీసుకుని, అన్ని చోట్లా మార్పించుకోవడమే మిగిలింది.

ఏది ముందు మార్చాలో ఇద్దరం ఫోన్లో కూర్చుని చూసుకున్నాం. ముందు ఆధార్. ఆధార్‌లో నంబరు మార్చడానికి పాత నంబరుకి ఓటీపీ అక్కర్లేదు, ఆధార్ సెంటర్‌కి వెళ్ళి వేలిముద్ర వేస్తే చాలు, వేరే పత్రాలు కూడా అడగరు, ఫీజు 75 రూపాయలు, 2025 అక్టోబరు నుంచి ఇదే రేటు, అంతకుముందు 50. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేలి గీతలు అరిగిపోయాయి, వేలిముద్ర పడలేదు, కంటిపాపతో తీసుకున్నారట. ఇలా పని చేసి చేతులు అరిగినవాళ్ళు సెంటర్లో ఐరిస్ తీయమని అడగండి, వేలు పడట్లేదంటే వెనక్కి వచ్చేయొద్దు. తర్వాత బ్యాంకు, పాస్‌బుక్, ఆధార్ తీసుకుని స్వయంగా హోం బ్రాంచికి వెళ్ళి ఫారం ఇచ్చింది, మా లెటర్ అక్కడికి చేరిందో లేదో తెలీదు కానీ ఆమె వెళ్ళాక పని అయింది. గ్యాస్ అన్నిటికంటే సులువు, ఏజెన్సీలో కన్స్యూమర్ పుస్తకం చూపిస్తే అక్కడికక్కడే మార్చారు.

ఈ మధ్యలో మేం ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఆ నంబరుకి వచ్చే ఏ ఓటీపీ కూడా ఎవరికీ ఫోన్లో చదివి చెప్పకూడదు, ఆమె అడిగినా సరే. ఒకసారి అడిగింది, ఏదో పని తొందరలో. అక్కా చెప్పరాదు, నాదే గదా అంది. మామయ్యే వద్దన్నారు. అవతల గొంతు ఆమెదే అని మనకి ఎలా తెలుస్తుంది, ఎవరో ఆమెని పక్కన కూర్చోబెట్టి అడిగిస్తున్నారేమో అన్నారు. ఆమెకి ఆ మాటే చెప్తే అర్థం చేసుకుంది. అన్నీ సెంటర్‌కి, బ్రాంచికి వెళ్ళే చేసుకుంది.

వాట్సాప్ ఆఖర్న. వాట్సాప్‌లోనే నంబరు మార్చుకునే ఆప్షన్ ఉంటుంది సెట్టింగ్స్‌లో, దాంతో చేస్తే చాట్‌లు, గ్రూపులు పోకుండా కొత్త నంబరుకి మారతాయి. కొత్త సిమ్‌కి కోడ్ వస్తుంది కాబట్టి పాత సిమ్‌తో పని లేదు. అది అయ్యి, వాళ్ళాయనతో కొత్త నంబరు మీద మాట్లాడానని ఆమె చెప్పాకే మామయ్య ఫోన్లో వాట్సాప్ పెట్టాం.

2025 నవంబరు 28న టెలికాం శాఖ వాట్సాప్ లాంటి యాప్‌లకి ఒక ఆదేశం ఇచ్చింది, ఖాతా ఏ సిమ్‌తో తెరిచారో ఆ సిమ్ ఫోన్లో ఉంటేనే యాప్ నడవాలి అని, 90 రోజుల టైం ఇచ్చి. సైబర్ మోసాలు ఆపడానికి అన్నారు. దీని మీద చాలా వాదనలు నడిచాయి. నేను రెండు వైపులా చూస్తున్నా. అది ముందే ఉండి ఉంటే సిమ్ పోయిన రోజే ఈమెకి తెలిసిపోయేది, బ్యాంకు మెసేజ్‌లు ఇన్నాళ్ళు మా ఇంటికి వచ్చేవి కావు. అదే సమయంలో రీచార్జ్‌కి డబ్బుల్లేని నెలలో భర్తతో మాట్లాడే ఒక్క దారీ మూసుకుపోయేది. ఆదేశం రాసేవాళ్ళు ఈ రెండో సంగతి కూడా తూకం వేయాలి, చౌక ప్యాకు గురించి జనానికి చెప్పే బాధ్యత కూడా అదే ఆదేశంలో కంపెనీల మీద పెట్టాలి. ఇంకొకటి, నంబరు శాశ్వతంగా పోయే ముందు ఇప్పుడు మెసేజ్ పంపుతారు, ఎక్కడికి, ఆ నంబరుకే. సిమ్ తీసి డబ్బాలో పెట్టిన మనిషికి అది ఎలా చేరుతుంది? సిమ్ తీసుకునేటప్పుడు ఇంకో కాంటాక్ట్ నంబరు అడుగుతారు కదా, దానికి పంపితే సగం కేసులు అక్కడే ఆగుతాయి.

నంబరు వదిలేయాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, సిమ్ పని చేస్తుండగానే అన్నీ మార్చుకోండి, ఆధార్, బ్యాంకు, యూపీఐ, పీఎఫ్, గ్యాస్, ఇన్సూరెన్స్, మెయిల్ రికవరీ నంబరు, అన్నీ అయ్యాక వాట్సాప్ మార్చుకుని అప్పుడు వదలండి. ఏవేవి లింకు అయ్యాయో గుర్తు రాకపోతే ఆ ఫోన్లో పాత మెసేజ్‌లు ఒక సంవత్సరం వెనక్కి చూడండి, ఎవరెవరు పంపుతున్నారో అదే మీ లిస్టు. కొత్త నంబరు తీసుకునేవాళ్ళు బ్యాంకుకి, పింఛనుకి ఇచ్చే ముందు కొన్ని వారాలు ఊరికే వాడి చూడండి, ఏం వస్తుందో తెలుస్తుంది. వాట్సాప్ పెట్టే ముందు ఇంకో ఫోన్ నుంచి ఆ నంబరు ఖాతా ఇప్పటికే ఉందేమో చూడండి. ఇంకొకరి ఓటీపీ వస్తే ఎవరికీ చెప్పొద్దు, డబ్బు పోయినట్టు అనుమానం వస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయమని వాళ్ళకి చెప్పండి.

ఇప్పుడు మామయ్య నంబరుకి ఆమె బ్యాంకు మెసేజ్‌లు రావట్లేదు, గ్యాస్‌వి రావట్లేదు. ఒక్క ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం ప్రీమియం గడువు అని ఇప్పటికీ పంపుతోంది. అది వాళ్ళాయన గల్ఫ్ వెళ్ళే ముందు ఆమె పేరు మీద కట్టిన పాలసీ, ఏజెంటు ఊరు మారిపోయాడు, ఫోను ఎత్తట్లేదు. గడువు మెసేజ్ వచ్చినప్పుడల్లా ఆ తేదీ ఆమె కొత్త నంబరుకి పంపుతున్నా, పాలసీ ఆగిపోకుండా. కంపెనీకి ఆమె చేత మెయిల్ పెట్టించాం. జవాబు రాకపోతే బీమా కంపెనీల మీద నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో ఆమె పేరు మీదే ఫిర్యాదు పెట్టాలి, ఫోన్లో అయితే 155255. ఆ ఆఫీసు ఉన్నది కూడా మన హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో. పాలసీ బాండు ఫోటో పంపమన్నా, ఆదివారం పంపుతానంది.